పాజిటివ్ వచ్చాక ఇంట్లో వాళ్లకు హెచ్‌ఐవీ పరీక్ష ఎలా చేయించాలి? విశాఖ వాళ్ల కోసం

"నాకు పాజిటివ్ వచ్చింది. మా ఆవిడకి చెప్పకుండా టెస్ట్ చేయించొచ్చా?" అడిగేవాళ్లు మారతారు గానీ ప్రశ్న ఇదే. దాని వెనకే "పిల్లలకీ చేయించాలా?", "అత్తమామలకి?", "పాత పరిచయం ఒకటుంది, నా పేరు బయటపడకుండా చెప్పే దారి ఉందా?" అని వస్తాయి. విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒక్కచోట రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకి జవాబు ముందే చెప్పేస్తాను. చెప్పకుండా చేయించకూడదు. చట్టం ఒప్పుకోదు, పైగా పని చెడుతుంది. మిగతా వాటికి మాత్రం ఏదో ఒక దారి ఉంది.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. 2021 జాతీయ అంచనాల్లో ఆంధ్రప్రదేశ్ పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ 0.67 శాతం. దారినపోయే వందమందికి పరీక్ష చేస్తే ఒక్కరు దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. పాజిటివ్ వచ్చినవాళ్ల భార్యకో భర్తకో చేస్తే దొరికే అవకాశం దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. తెలియకుండా ఉన్నవాళ్లని వెతకడానికి మీ ఇంటి కంటే దగ్గరి చోటు లేదు.

ఎవరికి చేయించాలి, ఎవరికి అక్కర్లేదు

ఎక్కువమంది తికమక పడేది ఇక్కడే. "ఫ్యామిలీ టెస్టింగ్" అనగానే ఇంటిల్లిపాదినీ ఆటోలో ఎక్కించుకుని పెద్దాసుపత్రికి వెళ్లాలనుకుంటారు. అవసరం లేదు. కలిసి తినడం, ఒకే బాత్రూమ్ వాడడం, దోమ కుట్టడం, ముద్దు చేయడం, వీటివల్ల హెచ్‌ఐవీ రాదు. అత్తమామలకి, తోడికోడలికి, పక్కింటి పిల్లాడికి పరీక్ష అక్కర్లేదు, చెప్పాల్సిన పనీ లేదు.

చేయించాల్సింది వీళ్లకి:

- భార్య లేదా భర్త. విడిగా ఉంటున్నా, విడాకులు అయినా సరే.
- మీతో శారీరక సంబంధం ఉన్న, ఇంతకుముందు ఉన్న మరెవరైనా. ఆడా మగా తేడా లేదు.
- ఒకే సూది, సిరంజి పంచుకున్నవాళ్లు.
- తల్లి పాజిటివ్ అయితే ఆమె పిల్లలందరూ. తల్లి చనిపోయి, ఆమెకి ఉందో లేదో తెలియకపోయినా పిల్లలకి చేయించాలి.
- పాజిటివ్ వచ్చింది పిల్లాడికైతే అమ్మకి, నాన్నకి, అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి.

పిల్లల విషయంలో ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి. పిల్లలకి చేయించాలా వద్దా అన్నది తల్లి రిజల్ట్‌ని బట్టి ఉంటుంది, తండ్రిది బట్టి కాదు. కాబట్టి తండ్రికి పాజిటివ్ వస్తే పిల్లల్ని పట్టుకుని పరిగెత్తకండి. ముందు తల్లికి చేయించండి. ఆమెకి నెగెటివ్ అని గట్టిగా తేలితే మామూలుగా పిల్లలకి అక్కర్లేదు. ఆమెకి పాజిటివ్ వస్తే మాత్రం "పెద్దోడు పదో క్లాసు, క్రికెట్ ఆడుతున్నాడు, వాడికేంటి" అని వదిలేయకండి. తల్లి నుంచి వైరస్ వచ్చిన పిల్లల్లో కొందరు పదేళ్లు దాటినా పైకి ఏ తేడా లేకుండా తిరుగుతారు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ రిపోర్టు, ఏఆర్‌టీ మందులు (హెచ్‌ఐవీని అదుపులో ఉంచేవి) మొదలుపెట్టి ఉంటే ఆ కార్డు.
- పిల్లల పుట్టిన తేదీలు. తల్లికి కడుపుతో ఉన్నప్పుడు చేసిన రక్తపరీక్షల చీటీలు ఉంటే ఇంకా మంచిది.
- ఒక తెల్ల కాగితం, పెన్ను. ఫోన్‌లో రాయొద్దు, ఎందుకో కింద చెప్తాను.
- 1097. ఇది జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్. దేశంలో ఎక్కడి నుంచి చేసినా ఫ్రీ, పేరు చెప్పక్కర్లేదు.
- ఒక ఉదయం పూట ఖాళీ.

డబ్బు అక్కర్లేదు. ప్రభుత్వ ఐసీటీసీల్లో, అంటే హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల్లో, కౌన్సెలింగూ పరీక్షా రెండూ ఉచితం. మహారాణిపేటలోని కేజీహెచ్‌లో ఐసీటీసీ, ఏఆర్‌టీ సెంటర్ రెండూ ఉన్నాయి. వన్‌టౌన్ ఘోషాసుపత్రికి వెళ్లే గర్భిణులకి అక్కడి పరీక్షల్లోనే ఇదీ చేస్తారు. అనకాపల్లి వైపు వాళ్లు అక్కడి పెద్దాసుపత్రిలో అడగొచ్చు. మన ఏరియాలో ఎవరైనా చూస్తారేమో అనిపిస్తే వేరే ఏరియా సెంటర్‌కి వెళ్లండి, ఎవరూ కాదనరు. గాజువాక వాళ్లు కేజీహెచ్‌కి రావడం, సిటీ వాళ్లు విజయనగరం వెళ్లడం మామూలే.

1. ముందు మీ మందులు మొదలుపెట్టండి

"ఇంట్లో వాళ్ల సంగతి తేలాక నేను మొదలుపెడతాను" అనేవాళ్లు చాలామంది. అలా ఆగొద్దు. 2017 నుంచి మన దేశంలో సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఎంత ఉన్నా సరే, పాజిటివ్ అని తేలగానే మందులు ఇస్తున్నారు. మీ మందు మీతో పాటు మీ భాగస్వామిని కూడా కాపాడుతుంది. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) కనపడనంత తక్కువకి దిగి, అలాగే నిలిస్తే శారీరక సంబంధం ద్వారా ఇంకొకరికి సోకదు. ఆ స్థాయికి రావడానికి కొన్ని నెలలు పడుతుంది. అప్పటిదాకా ప్రతిసారీ కండోమ్ వాడండి.

2. ఈ మూడు మీకు వర్తిస్తాయేమో చూడండి

వర్తిస్తే తీరిగ్గా చేసే పని కాదు, ఇవాళే కదలాలి.

- భార్య గర్భిణి. మందులేవీ లేకపోతే తల్లి నుంచి బిడ్డకి సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. సరైన సమయంలో మందులు పడితే అది 5 శాతం లోపుకి దిగుతుంది. మొదటి నెలల్లో చేసిన టెస్ట్ నెగెటివ్ వచ్చిందని ఊరుకోవద్దు, మీకు పాజిటివ్ వచ్చిందంటే ఆమెకి మళ్లీ చేయించాలి.
- భార్య పాలిస్తోంది. ఇదీ అంతే.
- భాగస్వామితో చివరిసారి కలిసి 72 గంటలు దాటలేదు. వాళ్లకి సోకకుండా ఆపే మందులు (పెప్ అంటారు) 28 రోజుల కోర్సుగా ఉంటాయి. 72 గంటలు దాటితే వాటివల్ల ఉపయోగం లేదు. ఐసీటీసీలోనో ఏఆర్‌టీ సెంటర్‌లోనో "పెప్ కావాలి" అని నేరుగా అడగండి. రాత్రిపూటైతే క్యాజువాలిటీకి వెళ్లండి.

3. చిట్టా రాయండి

కాగితం మీద పేర్లు, పక్కన ఊరు, ఫోన్ నంబర్ ఉంటే అది. చివరిసారి నెగెటివ్ వచ్చిన రిపోర్టు మీ దగ్గరుంటే, దానికి ఓ మూడు నెలల ముందు నుంచి ఇప్పటివరకు గుర్తు చేసుకోండి. అలాంటి రిపోర్టు లేకపోతే గుర్తున్నంత వెనక్కి వెళ్లండి. పేరు తెలియకపోతే "గాజువాక లారీ స్టాండ్ దగ్గర పరిచయమైన అతను" అని రాసినా చాలు. ఇది మీ కోసం, మీ కౌన్సెలర్ కోసం. ఎవరికీ చూపించక్కర్లేదు. చూపించమని ఎవరూ బలవంతం చేయకూడదు కూడా.

ఫోన్ నోట్స్‌లో రాస్తే పిల్లలు గేమ్ ఆడుకుంటూ చూస్తారు, బావమరిది ఫోటోలు పంపుకుంటూ చూస్తాడు. కాగితం మీద రాయండి, పని అయ్యాక చింపేయండి.

4. ఒక్కో పేరు పక్కన, ఎవరు చెప్పాలో రాయండి

అసలు పనంతా ఇదే. చిట్టా పది నిమిషాల్లో అయిపోతుంది, దీనికి మాత్రం కౌన్సెలర్‌తో కూర్చోవాలి. నాలుగు దారులున్నాయి.

*మీరే చెప్పడం.* మాట వినే మనిషి, గొడవ భయం లేదు అంటే ఇదే మంచిది.

*గడువు పెట్టుకుని చెప్పడం.* "ఈ నెలాఖరులోగా నేనే తీసుకొస్తాను, రాకపోతే మీరు ఫోన్ చేయండి" అని కౌన్సెలర్‌తో ఒప్పందం. చెప్పాలని ఉండి నోరు పెగలని వాళ్లకి బాగా పనికొస్తుంది.

*ఇద్దరూ కలిసి కౌన్సెలర్ ముందు.* భార్యాభర్తలకి నేనైతే ముందు ఇదే చెప్తాను. "మేడం రమ్మన్నారు, ఇద్దరం వెళ్దాం, నా రక్తపరీక్ష గురించి మాట్లాడాలట" అంటే చాలు. మిగతాది అక్కడ మెల్లగా బయటికొస్తుంది. కోపం, ఏడుపు వచ్చినా ఆ గదిలో సర్దిచెప్పే మనిషి ఒకరు ఉంటారు.

*కౌన్సెలర్ చెప్పడం.* మీరు ఒప్పుకుంటే మీ పేరు ఎత్తకుండా "మీకు హెచ్‌ఐవీ సోకే అవకాశం ఉందని తెలిసింది, ఒకసారి పరీక్ష చేయించుకోండి" అని చెప్తారు. పాత పరిచయాలకి ఇది బాగుంటుంది. భార్యకి మాత్రం పనికిరాదు. ఆమె జీవితంలో మీరొక్కరే అయితే, పేరు చెప్పకపోయినా చెప్పినట్టే కదా.

> హెచ్చరిక: చెప్తే కొడతాడు, ఇంట్లోంచి గెంటేస్తాడు, పిల్లల్ని లాక్కుంటాడు అన్న భయం ఉంటే ఆ పేరు దగ్గర ఆగిపోండి. ఆ మాట ముందు కౌన్సెలర్‌కి చెప్పండి. భాగస్వామికి చెప్పే విషయంలో 2017 హెచ్‌ఐవీ చట్టం డాక్టర్‌కీ కౌన్సెలర్‌కీ కొన్ని షరతులతో అనుమతి ఇచ్చింది. ముందు మిమ్మల్ని చెప్పమని నచ్చజెప్పాలి, మీరు చెప్పరని తేలాలి, తాము చెప్పబోతున్నట్టు మీకు తెలియజేయాలి. అలా చెప్పడం వల్ల హింసో, వదిలేయడమో జరుగుతుందని భయపడడానికి కారణం ఉంటే, ముఖ్యంగా స్త్రీల విషయంలో, చెప్పకూడదని కూడా అదే చట్టం అంటోంది. అవసరమైతే 181 మహిళా హెల్ప్‌లైన్, ప్రాణానికి ముప్పైతే 112.

5. చెప్పే రోజు

మద్యం తాగి ఉన్నప్పుడు, పండగ రోజు, పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు వద్దు. బీచ్ రోడ్డు మీద నడుస్తూ చెప్పడం మంచిదని కొందరంటారు గానీ నాకు నచ్చదు. నలుగురిలో ఏడవలేక ఎదుటి మనిషి మరీ నలిగిపోతుంది. ఇంట్లో, తలుపు వేసుకుని, మర్నాడు పొద్దున్నే సెంటర్‌కి వెళ్లగలిగేలా చూసుకుని చెప్పండి.

చిన్న మాటల్లో చెప్పండి. "నాకు రక్తపరీక్షలో హెచ్‌ఐవీ వచ్చింది. మందులు మొదలుపెట్టాను, వీటితో మామూలుగా బతకొచ్చు. నువ్వూ ఒకసారి చూపించుకోవాలి. నేనూ వస్తాను." ఇంతే. "ఎవరివల్ల" అన్న మాట మీరు ఎత్తకండి. ఎదుటివాళ్లు ఎత్తుతారు, అప్పుడు కూడా "ముందు పరీక్ష, తర్వాత అన్నీ మాట్లాడుకుందాం" అనండి.

ఇంకోటి. ఇంట్లో ముందు ఎవరికి పాజిటివ్ తేలితే వాళ్లే తెచ్చారని అత్తగారింట్లో పంచాయితీ పెడతారు. చాలా ఇళ్లలో ముందు తేలేది కోడలికే, ఎందుకంటే కడుపుతో ఉన్నప్పుడు పరీక్ష చేసేది ఆమెకే. ఏఎన్‌సీ కార్డు (గర్భిణుల చెకప్ కార్డు) చేతికొచ్చిన రోజున ఆమె దోషి అయిపోతుంది, మొగుడేమో ఒక్క చుక్క రక్తం ఇవ్వకుండా మంచివాడైపోతాడు. ఎవరికి ముందు సోకిందో, ఏ సంవత్సరం సోకిందో ఈ పరీక్ష చెప్పదు. ఆ వాదన మొదలైతే ఈ ఒక్క మాట కౌన్సెలర్ చేత పెద్దవాళ్లకి చెప్పించండి. అదీ, పెద్దవాళ్లకి విషయం తెలియాలని ఆమె కోరుకుంటేనే.

6. ఊళ్లో లేనివాళ్లు

భర్త బోటు మీద ఉంటే హార్బర్‌కి వచ్చేదాకా చెప్పకపోవడమే మంచిది, సముద్రం మీదికి ఫోన్‌లో చెప్పే కబురు కాదిది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు తీరిక దొరుకుతుంది గానీ దానికోసం నెలల తరబడి ఆగొద్దు. ఒడ్డుకి వచ్చిన మొదటి వారమే చూడండి. వేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళ్లినవాళ్లు, లారీ మీద తిరిగేవాళ్లు ఎక్కడున్నా అక్కడి ఐసీటీసీలో చేయించుకోవచ్చు. దగ్గరలో ఎక్కడుందో 1097 చెప్తుంది. శ్రీకాకుళం ఊళ్లలో ఉన్న భార్యలని విశాఖ రప్పించాల్సిన పని లేదు, శ్రీకాకుళం ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో అన్నీ ఉన్నాయి. మీ కౌన్సెలర్‌ని రిఫరల్ చీటీ అడగండి.

7. పరీక్ష రోజు

పరగడుపున వెళ్లక్కర్లేదు. ముందు కౌన్సెలింగ్, తర్వాత వాళ్ల ఒప్పుదల, తర్వాత రక్తం. 18 ఏళ్లలోపు పిల్లలకి తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకోవాలి. మొదటి టెస్ట్‌లో ఏమీ రాకపోతే నెగెటివ్ అని ఇస్తారు. ఏదైనా కనిపిస్తే వేరే రకం కిట్లతో మళ్లీ చూసి, మూడూ ఒకే మాట చెబితేనే పాజిటివ్ అని రాస్తారు. చిన్న సెంటర్‌లో మొదటి టెస్ట్ మాత్రమే చేసి పెద్ద సెంటర్‌కి పంపితే కంగారు పడకండి, పంపకం అంటే పాజిటివ్ అని కాదు. అలాగని వెళ్లకుండా ఇంటికి తిరిగి రాకండి.

ఏడాదిన్నర లోపు బిడ్డలకి లెక్క వేరు. మామూలు కిట్ వెతికేది వైరస్‌ని కాదు, దాని మీద శరీరం తయారుచేసే యాంటీబాడీలని. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు 18 నెలల దాకా బిడ్డ రక్తంలో ఉండొచ్చు. కాబట్టి మామూలు కిట్‌తో "పాజిటివ్" వచ్చినా బిడ్డకి సోకిందని అర్థం కాదు. వీళ్లకి నేరుగా వైరస్‌ని వెతికే పీసీఆర్ పరీక్ష చేస్తారు. పుట్టిన ఆరు వారాలకి మొదటిది, ఆ తర్వాత చెప్పిన నెలల్లో మళ్లీ, 18 నెలలకి ఆఖరి నిర్ధారణ. మడమ మీద చిన్న పోటు పొడిచి కార్డు మీద చుక్కలు తీస్తారు. మొదటిది నెగెటివ్ వచ్చాక చాలామంది మానేస్తారు. పాలు తాగుతున్నంతకాలం సోకే అవకాశం ఉంటుంది కాబట్టి 18 నెలలదాకా తిరగాల్సిందే.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

*షుగర్ టెస్ట్ అని తీసుకెళ్లడం.* ప్రైవేట్ ల్యాబ్‌లో "అన్నీ చూసేయండి" అని చెప్పి భార్య రక్తం ఇప్పించేస్తారు. హెచ్‌ఐవీ పరీక్షకి ఆ మనిషి ఒప్పుకోవాలని చట్టంలో ఉంది. అంతకంటే ముందు, పాజిటివ్ వస్తే అప్పుడేం చెప్తారు? జబ్బూ మోసమూ ఒకే రోజు తెలుస్తాయి. అలా తెలిసినవాళ్లలో మందులకి సరిగ్గా రానివాళ్లని ఎందరినో చూశాను.

*ఒకరి రిజల్ట్‌ని ఇంకొకరికి వాడుకోవడం.* "ఆవిడకి నెగెటివ్ వచ్చింది కాబట్టి నాది తప్పు రిపోర్ట్" అని మందులు మానేస్తారు. ఒకరికి ఉండి ఇంకొకరికి లేని జంటలు బోలెడుమంది.

*ఒక్క నెగెటివ్‌తో ఆగిపోవడం.* సోకిన కొత్తలో పరీక్షలో కనపడకపోవచ్చు. చివరిసారి కండోమ్ లేకుండా కలిసిన రోజు నుంచి మూడు నెలలు లెక్కపెట్టి మళ్లీ చేయించాలి. చాలామంది మొదటి పరీక్ష రోజు నుంచి లెక్కపెడతారు. మధ్యలో మళ్లీ కలిసి ఉంటే ఆ లెక్క పనికిరాదు.

*ల్యాబ్ చీటీ దగ్గరే ఉండిపోవడం.* ప్రైవేట్‌లో వచ్చిన "రియాక్టివ్" (మొదటి టెస్ట్‌లో ఏదో కనిపించింది అని) ఆఖరి మాట కాదు. ఐసీటీసీలో నిర్ధారణ చేయించుకోండి. ఆ చీటీ ఉన్నా లేకపోయినా వాళ్లు చేస్తారు.

*అన్నదమ్ముల చేత చెప్పించడం.* ఒకరికి తెలిస్తే చాలు, వారంలో వీధంతా తెలుస్తుంది. రిపోర్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపడమూ అలాంటిదే.

సరిగ్గా అయిందో లేదో ఎలా చూసుకోవాలి

చిట్టా మళ్లీ తీయండి. "చెప్పాను" అన్నది పూర్తయిన పని కాదు. ప్రతి పేరుకీ ఈ కింది వాటిలో ఒకటి తేలాలి:

- నెగెటివ్, మూడు నెలల తర్వాత మళ్లీ నెగెటివ్. మీతోనే కాపురం చేస్తున్నవాళ్లయితే ఆ తర్వాత కూడా ఆరు నెలలకోసారి.
- పాజిటివ్, ఏఆర్‌టీలో పేరు నమోదై మందు సీసా ఇంటికొచ్చింది. రిజిస్ట్రేషన్ అయి మందు మొదలవకపోతే పని సగంలోనే ఉంది.
- తేల్చలేకపోయారు. రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్లీ రమ్మంటారు. ఆ తేదీ రాసుకోండి.
- రానన్నారు. బలవంతం వద్దు. కండోమ్ వాడుతూ, మీ మందు వదలకుండా, నెల తర్వాత మళ్లీ అడగండి. మొదటిసారి కాదన్నవాళ్లు రెండోసారి తలూపడం కొత్తేమీ కాదు. ఈసారి కౌన్సెలర్ చేత అడిగించండి.

పాత పరిచయాల దగ్గర రిపోర్టు చూపించమని పట్టుబట్టకండి. కబురు అందేలా చూడడం వరకే మీ పని, రిజల్ట్ వాళ్ల సొంతం.

చివరగా, మీ చిట్టాలో ఎవరికైనా పాజిటివ్ వస్తే వాళ్లకీ ఒక చిట్టా ఉంటుంది. అందులో మీకు తెలియని పేర్లు ఉండొచ్చు. అది మీరు అడగొద్దు. వాళ్లని కౌన్సెలర్ దగ్గర ఒంటరిగా కూర్చోనిచ్చి, మీరు బయట బెంచీ మీద ఉండండి.